తువ్వాల చాటున పాలసీసా

మా అత్తగారింట్లో చంటిపిల్లలు పాలు చాటున తాగాలి. తల్లి దగ్గర తాగినా, ఉగ్గుగిన్నెతో పట్టినా, మీద కొంగు కప్పి తీరాలి. గుటక వేస్తున్న బిడ్డ గొంతు మీద పరాయి కన్ను పడితే ఆ పాలు ఒంటికి పట్టవని మా అత్తమ్మ నమ్మకం. ఆమె లెక్కలో కన్నతండ్రి కన్నయినా ఆ పూటకు పరాయిదే. నేను డిగ్రీ రెండో ఏడు దాకా చదివినదాన్ని, నోరున్నదాన్ని కూడా. అయినా ఆ ఒక్క విషయంలో ఆమెతో వాదం పెట్టుకోలేదు. కొంగు కింద బిడ్డ కళ్లు నా మొహం మీద తప్ప ఎక్కడా నిలవవు. ఆ సుఖం నాకు నచ్చింది.

రెండువేల పన్నెండు ఎండాకాలంలో నాకు కవలలు పుట్టారు. ఇద్దరూ ఆడపిల్లలే. కాసేపటి తేడాతో ముందు వచ్చినదాన్ని పెద్దది అన్నాం, వెనక వచ్చినదాన్ని చిన్నది అన్నాం. పేర్లు పెట్టాక కూడా ఇంట్లో అవే పిలుపులు మిగిలాయి. పెద్దదానికి ఆకలేస్తే వాడంతా లేచి కూర్చునేది. చిన్నది ఏడవదు. మూతి ముడుచుకుని మన వంకే చూస్తూ పడుకుంటుంది. ఏడవని పిల్లకు అమ్మయినా పాలివ్వదంటారు గానీ, ఆ చూపుకు తట్టుకోలేక నేను ముందు దానికే ఇచ్చేదాన్ని.

మాది శంషాబాద్ దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. మామ పాలకూర, కొత్తిమీర, టమాట పండిస్తాడు. ఒక పాడి బర్రె ఉంది. నా భర్త విమానాశ్రయం నుంచి కారు కిరాయికి నడుపుతాడు. నేనూ అక్కడే, లోపల, ఆడవాళ్ల వైపు శుభ్రం చేసే పని. బాత్రూములను ఆనుకుని తల్లులు పిల్లలకు పాలు పట్టుకునే చిన్న గది ఒకటి ఉంటుంది. అందులో బల్ల తుడవడం, వేడినీళ్లు ఉన్నాయో లేదో చూసుకోవడం కూడా నా పనే. పని ఏదైతేనేం, మెడలో కార్డు వేసుకుని, పాంటు చొక్కాతో, సెక్యూరిటీ వాళ్లు పక్కకు జరిగి దారి ఇస్తుంటే లోపలికి నడవడం నాకు చాలా ఇష్టం. ఊళ్లో నేను ఫలానా ఇంటి కోడలిని. అక్కడ నేను నేనే. కాన్పుకు సెలవు ఇస్తూ మా సూపర్‌వైజర్ మేడం మెత్తగానే చెప్పింది.

"దసరా వెళ్ళాక కూడా రాకపోతే ఆ చోట్లోకి వేరే అమ్మాయిని తీసుకుంటాం. ముందే చెబుతున్నానమ్మా, తరవాత నన్ను అనుకోవద్దు."

అంటే దసరా లోపల ఇద్దరు పిల్లలూ నేను లేకుండా పాలు తాగడం నేర్చుకోవాలి. వాళ్లు నేర్చుకుంటే నా పని ఉంటుంది, లేకపోతే పోతుంది. అప్పటి నా బతుకు మొత్తం ఆ ఒక్క ముడి మీద నిలబడింది.

శంషాబాద్ బజారులో పాలసీసాలు, డాక్టరమ్మ రాసిన డబ్బాపాలు కొని తెచ్చాను. సీసాలకు రెండు పక్కలా చిన్న చిన్న పిడులు ఉన్నాయి. అత్తమ్మ డబ్బాను చేతిలో తిప్పి తిప్పి చూసింది.

"ఇంట్ల పాడి బర్రెను పెట్టుకోని డబ్బపాలు కొనుడేంది పిల్లా? ఊరోళ్లు నవ్వరా?"

"ఏడాది దాక బర్రెపాలు వద్దన్నది డాక్టరమ్మ."

"గా డాక్టరమ్మ మన బర్రెను సూసిందా?"

మామ అక్కడే ఉన్నాడు. ఆయన మా మాటల్లోకి ఎన్నడూ రాడు. ఆ సాయంత్రం మాత్రం బర్రెకు రోజూ కన్నా ఎక్కువసేపు ఒళ్లు రుద్దాడు, దాని మనసు నొచ్చుకుందేమోనన్నట్టు.

పెద్దది సీసా చూడగానే నోరు తెరిచింది. దానికి ఆకలి ముఖ్యం, ఎక్కడి నుంచి వస్తుందన్నది కాదు. చిన్నది మాత్రం పెదాలు బిగించింది. బలవంతం చేస్తే నాలుకతో నెట్టేసేది. నేను పెడితే నా కొంగు లాగేది, అత్తమ్మ పెడితే మూతి ముడుచుకుని చూసేది. పాలు చల్లార్చి చూశాం, కాస్త వెచ్చగా చేసి చూశాం, చంకనెత్తుకుని పెరడంతా తిప్పి చూశాం. మొండివాడు రాజుకన్నా బలవంతుడన్న మాట ఎవరో మా చిన్నదాన్ని చూశాకే అని ఉంటారు.

దారి అనుకోకుండా దొరికింది. ఒక పొద్దున అత్తమ్మ వరండాలో చిన్నదాన్ని ఒళ్లో వేసుకుని సీసాతో తంటాలు పడుతోంది. అంతలో పక్కింటావిడ గిన్నె పట్టుకుని పెరుగు తోడు కోసం వచ్చింది. ఆవిడ కళ్లు పెద్దవి, నోరు ఇంకా పెద్దది. దిష్టి తగులుతుందని అత్తమ్మ గబుక్కున కొంగు లాగి పిల్లనూ సీసానూ కలిపి కప్పేసింది. కాసేపటికి కొంగు లోపలి నుంచి గుటకల చప్పుడు వినిపించింది. పక్కింటావిడ వెళ్లేదాకా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కదలకుండా ఉండిపోయాం. చిన్నదానికి సీసాతో పేచీ లేదు. సీసా గొడవలో పడి మేం కొంగు కప్పడం మరిచాం, వెలుతురులో తాగడం దానికి కొత్త. పుట్టినప్పటి నుంచి మేమే దానికి పాలంటే నీడ అని నేర్పాం.

సరే, కొంగు కింద తాగుతుంది. కానీ అత్తమ్మకు ఉన్నది ఒక కొంగు, రెండు చేతులు. పెద్దది తనవంతు దాకా ఆగదు. చిన్నది ఒకసారి చెదిరితే మళ్లీ నోరు తెరవదు. ఇద్దరికీ ఒకేసారి ఆకలేసేది, కవలలు కదా. మరి ఇంట్లో ఇంకో ఇద్దరు పెద్ద మనుషులు ఉన్నారు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అదే అడిగాను.

నా భర్త పొద్దుటి విమానాల వాళ్లను దింపి మధ్యాహ్నానికి ఇంటికి వస్తాడు. తిని, కాసేపు పడుకుని, సాయంత్రం మళ్లీ పోతాడు. పిల్లలంటే ప్రాణం. ఎవరూ లేనప్పుడు ఇద్దరినీ చెరో భుజాన వేసుకుని పాటలు పాడేవాడు. కానీ గేటు దగ్గర మామ దగ్గు వినపడిందంటే చాలు, పిల్లల్ని చాప మీద దించేసి ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు. మా వైపు కాపు ఇళ్లలో అదొక మర్యాద. కన్నవాళ్ల ఎదుట తన పిల్లల్ని తాను ఎత్తుకోవడం, ముద్దు చేయడం సిగ్గుమాలిన పని. పిల్లల్ని ఎత్తుకోవాల్సింది తాతలు, నానమ్మలు. తండ్రి తన తండ్రి ముందు ఇంకా కొడుకే.

"నీ పిల్లల్ని నువ్వు ఎత్తుకుంటే ఎవలేమంటరు?" అని ఒకరోజు పట్టుకున్నాను.

"ఎవలేమనరు. బాపు ఉన్నడు గద."

"ఉంటే?"

"బాపు ముందర ఎట్ల ఎత్తుకుంట? సిగ్గు గాదా."

"కారుల ఎవలెవల్నో ఎక్కించుకోని ఆరాంఘర్ దాక నవ్వుకుంట ముచ్చట పెడ్తవు. సొంత బిడ్డకు సీసా పట్టేతందుకు సిగ్గా?"

"గది వేరే, గిది వేరే," అన్నాడు. నేను రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. అతనికి అది తెలియడానికే ఒకరోజు పట్టింది.

ఇక మామ సంగతి. తాత కాబట్టి ఆయనకు ఏ అడ్డూ లేదు. కానీ ఆయన పిల్లల దగ్గరికి వచ్చి వంగి చూసి, చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఎందుకని అత్తమ్మను అడిగితే నవ్వింది.

"గాయనకు ఎత్తుకునుడు రాదు. మా మామ, ఈయన నాయిన, పండు ముసలోడయ్యేదాక బతికిండు గద. గాయన ఉన్నన్ని దినాలు ఈయన నా పిల్లల్ని ముట్టలే. చేతులకు అలవాటు లేదు, ఇగ గిప్పుడేం వస్తది."

ఒకటి మాత్రం నేను గమనించాను. మామ దగ్గు నిజం దగ్గు కాదు. పొలం నుంచి వచ్చి గేటు దగ్గర ఆగి, కావాలని దగ్గి, తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటూ నిలబడేవాడు. కడిగిన కాలినే మళ్లీ కడిగేవాడు. లోపల కొడుకు పిల్లల్ని దించుకోవడానికి ఆయన ఇచ్చే వ్యవధి అది. తండ్రికి తెలుసు, కొడుక్కీ తెలుసు. ఇద్దరూ తెలియనట్టు నటిస్తూ ఒకరినొకరు కాపాడుకునేవాళ్లు. నాకు అది చూస్తే కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

దసరా దగ్గర పడుతుండగా నేను ఇంట్లో లేకుండా పోవడం అలవాటు చేయసాగాను. పాలవేళకు వెనకింటికి వెళ్లి కూర్చునేదాన్ని. అక్కడి నుంచి మా ఇంటి ఏడుపులు వినపడతాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని, వెళ్లకూడదని నాకు నేనే చెప్పుకుంటూ ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం పెద్దదాని ఏడుపు ఆగింది. ఆ వెంటనే అత్తమ్మ నన్ను పిలిచింది. ఆ పిలుపు మామూలుగా లేదు.

జరిగింది ఇది. ఇద్దరూ ఒకేసారి అడిగేసరికి ఆమె చిన్నదాన్ని పడుకోబెట్టి, మీద చీరముక్క కప్పి, బొంత మడత పెట్టి దాని మీద సీసా ఒరగబెట్టింది. పెద్దదాన్ని ఒళ్లోకి తీసుకుంది. చిన్నది చాటున హాయిగా తాగుతోందనుకుంది. పాలు ఆగకుండా నోట్లోకి పోతుంటే మింగలేక చిన్నదానికి పొలమారింది, ముక్కులో నుంచి పాలు వచ్చాయి. కప్పి ఉండటం వల్ల కనపడలేదు. నేను వెళ్లేసరికి బోర్లా తిప్పి వీపు తడుతోంది, పిల్ల మొహం కందిపోయి ఉంది. తర్వాత గట్టిగా ఏడ్చింది. ఎన్నడూ ఏడవని పిల్ల ఏడుస్తుంటే ఆ ఏడుపు కోసమే దేవుడికి దండం పెట్టుకున్నాను.

శంషాబాద్ దవాఖానకు తీసుకెళ్లాం. గండం లేదన్నారు. నర్సమ్మ మాత్రం మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"పండుకోబెట్టి సీసా ఒరగబెట్టుడు ఎన్నడు చేయొద్దు అక్కా. ఒళ్లె కూసోబెట్టుకోని, తల జర పైకి ఉంచి పట్టాలె. సీసా మీద ఒక చెయ్యి ఉండాలె. మీదన్న ఉండాలె, దానిదన్న ఉండాలె. అది పట్టుకునుడు నేర్సినంక గూడ పక్కకు మనిషి ఉండాలె."

ఇంటికొచ్చాక అత్తమ్మ మూల కూర్చుని ఏడ్చింది. ఆమెను ఏమనను. ఒక్క మనిషి, రెండు ఆకళ్లు. ఆమె చేసింది ఆమెకు తోచిన సాయం. నా కోపమంతా గిన్నెల మీద పడింది. వాటిని కడుగుతూ, ఎవరితో అన్నానో తెలియకుండా అన్నాను.

"నేను ఇగ పనికి పోను. ఫోన్ చేసి చెప్త."

నా భర్త గడప మీద కూర్చుని నేల చూస్తున్నాడు. మామ వరండాలో బర్రె పలుపు పేనుతున్నాడు. ఆ చేతులు కాసేపు ఆగాయి, మళ్లీ పేనడం మొదలుపెట్టాయి.

మర్నాడు మామ పొలం నుంచి పాలవేళకు వచ్చాడు. రోజూ వచ్చే వేళ కాదు. దగ్గలేదు. తొట్టి దగ్గర సబ్బు తీసుకుని చేతులు మోచేతుల దాకా రుద్దాడు, గోళ్ల కింద మట్టి పుల్లతో తీసుకున్నాడు. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, నా వంక చూడకుండా అత్తమ్మతో అన్నాడు.

"గా చిన్నదాన్ని ఇటియ్యి."

అత్తమ్మ తెల్లబోయి చూసింది. పిల్లను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన మోచెయ్యి ఎటు వంచాలో తెలియక మూడు రకాలుగా వంచాడు. చివరికి పిల్లే జారి జారి తనకు కుదిరినచోట ఆగింది. సీసాను పారకర్ర పట్టుకున్నట్టు పిడికిలితో పట్టుకున్నాడు. చిన్నది మూతి ముడుచుకుని ఆయన మీసాలు చూసింది. అప్పుడాయన భుజం మీది తువ్వాల తీసి పిల్ల మీద కప్పాడు. కొత్తిమీర, చెమట, బర్రె అన్నీ కలిసిన వాసన ఆ తువ్వాలది. లోపల ఒక క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత గుటకలు మొదలయ్యాయి. మామ సీసా అయ్యేదాకా కాలు కూడా కదపలేదు. నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడ్చానో నవ్వానో నాకే సరిగా గుర్తులేదు.

దసరా అయిన వెంటనే నేను పనిలో చేరాను.

పనిచోట ఆ పాలగదిలోకి వచ్చే తల్లులను అదివరకు తుడవాల్సిన బల్లలతో పాటు చూసేదాన్ని. ఇప్పుడు వాళ్ల చేతుల వంకే చూడసాగాను. పిల్ల ఎనిమిది తొమ్మిది నెలలది కాగానే కొందరు సీసా తాము పట్టుకోవడం మానేస్తున్నారు. పిల్లకు పట్టుకోవడం ఎలా నేర్పారని అడిగేదాన్ని. భాష రానివాళ్లు చేసి చూపించేవాళ్లు. ఒకామె పిల్ల చేతులను పిడుల మీద పెట్టి, వాటి మీద తన చేతులు పెట్టింది. పిల్ల తాగుతుండగా తన వేళ్లు ఒక్కొక్కటే ఎత్తింది. సీసా వాలితే మళ్లీ ఆనించింది. ఇంకొకామె జారకుండా ఉండటానికి సీసాకు పాత ఉన్ని మేజోడు తొడిగింది. ఖాళీ సీసాను ముందు ఆడుకోవడానికి ఇవ్వమని, దాన్ని పిల్లే నోట్లో పెట్టుకుంటుందని ఒక ముసలావిడ చెప్పింది. అవన్నీ మోసుకుని ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పేదాన్ని. మామ వరండాలో ఉంటే వినపడేలా జర గట్టిగా చెప్పేదాన్ని. ఆయనా నేనూ నేరుగా మాట్లాడుకునే అలవాటు లేదు మరి.

చిన్నదానికి ఆ చదువు ఎక్కలేదు. చేతులు సీసా మీద పెడితే తీసేసి తాత బొటనవేలు పట్టుకునేది. సీసా మోయడానికి తాత ఉన్నాడు కదా, తనకెందుకు శ్రమ.

పనిలో కుదురుకున్నానని అనుకుంటుండగా ఒక మధ్యాహ్నం నా భర్త ఫోన్ చేశాడు.

"అమ్మ తొట్టికాడ జారింది. మణికట్టు బెణికింది. పట్టీ కట్టిచ్చి తెచ్చిన. నువ్వేం పరేషాన్ గాకు."

పరేషాన్ కాకుండా ఎలా ఉంటాను. పాలవేళ అవుతోంది. అత్తమ్మ చెయ్యి పోతే మిగిలింది మామ ఒక్కడే. మామ ఇంట్లో ఉంటే నా భర్త చేతులు లేనట్టే. మేడంను అడిగి బయలుదేరాను. దొరికిన ఆటో ఎక్కి, దారంతా ఒకటే అనుకున్నాను, ఈ కార్డు మెడలో వేసుకోవడం ఈ పూటతో సరి అని. మళ్లీ నర్సమ్మ మాటలు, కందిపోయిన ఆ మొహం కళ్లముందు తిరిగాయి.

గేటు దగ్గర దిగితే ఇంట్లోంచి ఏడుపు లేదు. చెప్పులు విప్పకుండా లోపలికి పోబోయాను. మంచం మీద పట్టీ కట్టుకుని పడుకున్న అత్తమ్మ నన్ను చూసి, బాగున్న చెయ్యి ఎత్తి ఆగమని సైగ చేసింది. లోపలి అర్ర వైపు చూపించింది.

చాప మీద ఇద్దరు మగవాళ్లు వీపుకు వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. మామ మొహం గోడ వైపు, నా భర్త మొహం కిటికీ వైపు. మామ ఒళ్లో తువ్వాల కింద చిన్నది. నా భర్త ఒళ్లో పెద్దది, రెండు చేతులా అతని చొక్కా పట్టుకుని తాగుతోంది. ఎవరూ తల తిప్పడం లేదు.

అత్తమ్మ చెవిలో చెప్పింది. పిల్లలు ఇద్దరూ గోల పెట్టేసరికి మామ చిన్నదాన్ని ఎత్తుకున్నాడట. పెద్దది చాప మీద పొర్లి పొర్లి ఏడుస్తోందట. కొడుకు గడపలో నిలబడి తండ్రినీ పిల్లనూ మార్చి మార్చి చూస్తున్నాడట. అప్పుడు మామ అన్నాడట.

"పెద్దదాన్ని ఎత్తుకో. నేను అటు మర్లి కూసుంట."

మర్యాద మర్యాదగానే ఉంది, పిల్లల కడుపులూ నిండాయి. ఇన్నాళ్లు తొట్టి దగ్గర కాళ్లు కడిగిన మనిషికే అటువంటి ఉపాయం తడుతుంది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాను. మర్నాడు మామూలుగానే పనికి పోయాను.

అత్తమ్మ మణికట్టు నయమయ్యాక కూడా ఆ ఏర్పాటు అలాగే సాగింది. కన్నతండ్రి కన్ను సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. మధ్యాహ్నం పాలవేళకు అత్తమ్మ చాప పరిచేది, ఇద్దరూ వచ్చి వీపులు ఆనించుకునేవాళ్లు. మొదట్లో మాటలు లేవు. తర్వాత టమాట ధర వచ్చింది, షాద్‌నగర్ దారిలో కొత్తగా వేస్తున్న వెంచర్లు వచ్చాయి, కారు ఇంజను చేస్తున్న చప్పుడు వచ్చింది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆ ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అత్తమ్మ ఎరగదట. నా పాఠాలు కూడా వీపుల మీదుగా నడిచేవి.

"అది పట్టుకుందా?" అని మామ గోడను అడిగేవాడు.

"పట్టుకుంది బాపు. ఇడ్సింది."

"జర ఆగి మల్ల పెట్టు. తొందర లేదు."

"మరి చిన్నది?"

"ఇది నా ఏలు ఇడుస్తలేదు," అనేవాడు మామ. ఫిర్యాదులా అనాలని చూసేవాడు గానీ ఆ గొంతులో గర్వం దాగేది కాదు.

చలి ముదిరేసరికి పెద్దది పిడులు రెండూ పట్టుకుని తలకాయ వెనక్కి వాల్చి తాగడం నేర్చింది. తాగి, ఖాళీ సీసాను విసిరికొట్టడం కూడా నేర్చింది. సాయంత్రం నేను వచ్చి కొంగు కప్పితే ఇద్దరూ నా దగ్గర తాగేవాళ్లు గానీ, పెద్దది మధ్యలో కొంగు తీసి సీసా ఎక్కడుందో వెతికేది. నాకు కొంచెం చురుక్కుమనేది. నేర్పించింది నేనే, నేర్చుకున్నందుకు అలిగిందీ నేనే.

చిన్నది నేర్చిన రోజు నాకు వారపు సెలవు. అందుకే చూడగలిగాను. ఎండ చాప మీద సగం దాకా వచ్చింది. ఇద్దరూ ఎప్పటిలా వీపులు ఆనించి కూర్చున్నారు. నేను, అత్తమ్మ తలుపు పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. మామ చిన్నదాన్ని ఒళ్లో ఒరిగించుకుని సీసా దాని నోటి దగ్గరికి తెచ్చాడు. అంతలోనే చిన్నది తాత భుజం మీది తువ్వాల కొస పట్టుకుని గుంజింది. అది జారి దాని మొహం మీద పడింది. తర్వాత తువ్వాల కింది నుంచి రెండు చిన్న చేతులు బయటికి వచ్చి, సీసా పిడులు పట్టుకుని, దాన్ని లోపలికి లాక్కుపోయాయి. గుటకలు వినపడ్డాయి.

మామ చెయ్యి సీసా ఉండాల్సిన చోట గాలిలో అలాగే ఉండిపోయింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. బొటనవేలు కూడా ఎవరూ అడగలేదు. ఆ చేతిని మెల్లగా దించి మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను కోరుకున్నది అదే. ఇద్దరూ తమంత తాము తాగుతున్నారు, ఇక నా పనికి ఢోకా లేదు. అయినా ఆ ఖాళీ చెయ్యి చూస్తే, ఇంకొన్నాళ్లు నేర్వకపోయినా బాగుండేదని అనిపించింది.

"పట్టుకుంది," అన్నాడు మామ.

"రెండు చేతుల్తోనా బాపు?" అన్నాడు నా భర్త కిటికీ వైపు చూస్తూనే.

"రెండు చేతుల్తోనే."

తర్వాత మామ గోడతో చెప్పినట్టే చెప్పాడు.

"చిన్నగున్నప్పుడు నువ్వెట్ల తాగుతుంటివో నేనెరగ బిడ్డా. ఒక్కనాడు గూడ సూడలే. మా నాయిన ఉండె గద."

నా భర్త మెడ వంగింది. అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది.

"గా పెద్దది ఎట్ల తాగుతదో సూడాలె," అన్నాడు మామ. అని, దగ్గకుండా, చిన్నది కదలకుండా మెల్లమెల్లగా ఇటు తిరిగి కూర్చున్నాడు.

వీపు వెనక ఆసరా పోగానే నా భర్త కూడా తిరిగి చూశాడు. తండ్రి కళ్లు ఎదురుగా ఉన్నాయి. అలవాటు కొద్దీ అతని చేతులు పెద్దదాని చంకల కిందికి పోయాయి, చాప మీద దించడానికి. పెద్దది కొద్దిగా పైకి లేచింది కూడా. మామ చూపు తిప్పుకోలేదు. నా భర్త చేతులు అక్కడే ఆగాయి. మళ్లీ పిల్లను గుండెకు ఆనించుకున్నాడు. పెద్దది తన సీసా తాను పట్టుకుని తాగుతూనే ఉంది, దాన్ని ఎవరూ పట్టుకోవాల్సిన అవసరం లేదు. అయినా సీసా అయిపోయేదాకా అతను దించలేదు.